మీసం లేని మనిషి చెప్పిపోయిన మాట

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. దేవునికి చోటిచ్చిన మనసులో వాటికెందుకు చోటిస్తాను? జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. ఊళ్ళో రెండు పార్టీలు ఒకరినొకరు నరుక్కునే ఫ్యాక్షన్ గొడవల కాలంలో నన్ను బడికి పంపలేదు. నాయనే పలక పట్టించి చదువు చెప్పినాడు. ఆయన జీపెక్కితే పక్కన నేను కూర్చునేదాన్ని. ఆడపిల్ల ఉన్న బండి మీద బాంబు వెయ్యరని మావాళ్ళ ధైర్యం.

ముసలితనంలో నాయనకు ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చి ఎముకలకు పాకింది. ప్రొద్దుటూరు డాక్టరు పెద్ద ఊరి ఆసుపత్రికి రాసిచ్చినాడు. అక్కడిచ్చే ఇంజక్షను మామూలుది కాదు. క్యాన్సర్ కణం పైన ఒక గుర్తు ఉంటుందంట. మందు ఆ గుర్తును వెతుక్కుంటూ పోయి, అతుక్కుని, రేడియేషన్‌తో కణాన్ని చంపుతుంది. నాలుగు డోసులైనాక, ఆ గుర్తు ఉన్నచోటే మెరిసే స్కాన్ తీస్తే, ఎక్కడా మెరుపు లేదు. నేను అక్కడే దణ్ణం పెట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో ఒక పొడుగాటి మనిషి వచ్చి నాయన పక్కన కూర్చున్నాడు. మీసం లేదు, భుజాన తుండు లేదు. నేనే నీళ్ళిచ్చినాను, తాగినాడు.

"ఏమప్పా, ఆ పొద్దు మీసం గొరిగించుకోని, పార్టీ తుండు పారేసి పులివెందుల బస్సులో కూర్చోనుంటే, నన్ను సంపను వెతుకుతా బస్సెక్కిన మీవోళ్ళు నన్ను దాటుకోనే పోయిరి. నువ్వొక్కనివే కనిపెట్టి గమ్మునుంటివి. నీ కుడి డొక్కలో గూడ ఒకడు అట్లనే కూర్చోనుండాడు. సూపించుకో."

లేచి వెళ్ళిపోయినాడు. నాయన ఆ మనిషి పోయిన వైపే చూసినాడు. "వాడు సచ్చి పదేండ్లాయ కదమ్మా" అన్నాడు.

నాయన డాక్టరును వదల్లేదు. ఇంకో రకం స్కాన్ తీయమన్నాడు.

"అంతా బాగుంది పెద్దాయనా, ఇంక దేనికి?"

"గుర్తు సూసి వెతికితే, గుర్తు తీసేసినోడు యాడ దొరుకుతాడు సార్? మేం శానామందిని వెతికినోళ్ళం."

డాక్టరు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఆ గుర్తుతో పని లేకుండా, చక్కెర లాంటి మందెక్కించి తీసే స్కాన్ రాసినాడు. కాలేయంలో, కుడివైపే, దొరికింది. గుర్తున్న కణాలు మందుకు చచ్చినాయంట. గుర్తు వదిలేసినవి మిగిలి పెరిగినాయంట. ఇంక ఆ ఇంజక్షను ఎన్నిసార్లిచ్చినా వాటికి తగలదన్నాడు. అదే మాట మా నాయన ముందే అడిగినాడు. నాకెంత గర్వమైందో!

మందు మార్చినారు. రెండేండ్లు నాయన మా కళ్ళముందు తిరిగినాడు. ఆ రోజులకు దేవునికి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

ఆయన పోయినాక, ఆయన చెప్పిన పేరు పట్టుకోని ఎర్రగుంట్ల వైపు ఆ మనిషి ఇల్లు వెతుక్కుంటూ పోయినాను. భార్య కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. గోడ మీది ఫోటోలో మీసం ఉంది. చేత్తో మూసి చూసినాను. ఆయనే.

"మీ నాయన ఆ పొద్దు నోరు తెరిచింటే నాకు ఈ బిడ్డలు యాడుందురు తల్లీ?" అనింది ఆమె.

సొంత పార్టీ వాళ్ళకు తెలిస్తే నాయన ప్రాణమే పోయేది. అంత పని చేసి మాతో కూడా ఒక్కనాడు చెప్పుకోలేదు.

ఇప్పుడు మా పెద్దల పేర్ల పక్కన ఎదుటి పార్టీ ఆయన పేరూ పెట్టి మొక్కుకుంటున్నాను. నాయన ఉంటే కాదనడు. చచ్చినవాడు ఎట్ల వచ్చినాడో, నాయన డొక్కలోది ఆయనకెట్ల తెలిసిందో, ఈరోజుకూ చెప్పలేను.