ఏడుపుకీ ఏడుపుకీ మధ్య పద్దెనిమిది నిమిషాలు

మా మనవరాలి పేరు ఇందు. అప్పటికి దానికి ఎనిమిది నెలల పద్నాలుగు రోజులు. గురువారం. ఉదయం ఏడు గంటల ఐదు నిమిషాలకు నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి, మోకాళ్ళు పొట్టకు ముడుచుకుని ఏడ్చింది. రెండు నిమిషాలకే ఏడుపు ఆపి, నా చేతి గాజులతో ఆడుకుంది.

నేను రాయపూర్ భన్‌పురిలోని ఒక ట్రాన్స్‌పోర్ట్ కార్యాలయంలో గేటు రిజిస్టరు రాస్తాను. ఏ లారీ ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు వెళ్ళింది అన్నది నిమిషాలతో సహా నమోదు చేయడమే నా పని. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. నా కూతురు స్వాతి నయా రాయపూర్‌లో ఉద్యోగానికి తిరిగి వెళ్ళిన నాటి నుంచి పాప పాలు, నిద్ర, విరేచనం అన్నీ డైరీలో రాసేదాన్ని. సిల్తారా ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టు ముగించుకుని అల్లుడు వచ్చాక నేను మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళేదాన్ని.

ఏడుంపావు దాటాక మరో ఏడుపు. పళ్ళు వస్తున్నాయనుకున్నాం. స్వాతి బస్సుకు వెళ్ళిపోయింది. ఐదోసారి, ఎనిమిది గంటల పంతొమ్మిది నిమిషాలకు, పాప ముఖం తెల్లగా పాలిపోయింది. పక్క క్వార్టర్‌లోని పైడమ్మ పిన్నిని పిలిచాను. శ్రీకాకుళం నుంచి ఈ రైల్వే కాలనీకి వచ్చిన మా కుటుంబాలన్నిటిలోనూ బొడ్డు జారి కడుపునొప్పి వచ్చిందంటే సరిచేసేది ఆవిడే. చిన్నప్పుడు స్వాతికీ ఆవిడే సరిచేసింది.

"ఏటే సరోజా, గుంటకి బొడ్డు జారిపోనాది. ఇంత ఆముదం తే" అంటూ పిన్ని బొటనవేలితో బొడ్డు చుట్టూ మెల్లగా నొక్కి రాసింది. ఏడుపు ఆగింది. "సూడు, పట్టు ఒగ్గీసింది. నా ఏలంటే నీ డైరీ అనుకున్నావా?"

నవ్వాను. డైరీలో 'నయం' అని రాశాను. పాప మళ్ళీ ఏడిస్తే పిన్ని మళ్ళీ ఆముదం రాసింది, ఏడుపు మళ్ళీ ఆగింది. అలా ఆ ఉదయం ప్రతిసారీ 'నయం' అని రాశాను. పాప రెండుసార్లు పాలు కక్కింది. మూడోసారి కక్కినది ఆకుపచ్చగా ఉంది. ఏడుపుకూ ఏడుపుకూ మధ్య ఆడుకోవడం మానేసి, భుజం మీద వాలిపోయి కళ్ళు మూసుకుంటోంది.

పదకొండింటికి స్వాతి ఫోన్ చేసింది. "అమ్మా, ఎన్నిసార్లు ఏడ్చిందో చదువు, టైంతో సహా" అంది. పిన్ని చేస్తున్న మాలిష్ సంగతి చెప్పి, చదవడం మొదలుపెట్టాను. చదువుతూ మధ్య దూరాలు లెక్కవేశాను. ఆముదం రాయకముందు పద్దెనిమిది, పంతొమ్మిది, పద్దెనిమిది, పంతొమ్మిది నిమిషాలు. రాసిన తరువాత కూడా అంతే. పిన్ని వేలు ఒక్క నిమిషం కూడా మార్చలేదు. ఏడుపు తనంతట తాను వస్తోంది, తనంతట తాను పోతోంది. నేను మాత్రం పోయినప్పుడల్లా 'నయం' అని రాశాను.

"మాలిష్ బంద్ చెయ్యి. ఆటో పట్టుకో. నేను సీదా హాస్పిటల్‌కే వస్తా" అంది స్వాతి.

ఆముదం గిన్నె తెచ్చిన క్షణం నుంచి ఆటో ఎక్కేవరకు రెండు గంటల యాభై ఒక్క నిమిషాలు. ఆ కాలానికి నన్ను నేనింకా క్షమించుకోలేదు.

ఆసుపత్రిలో పీడియాట్రిక్ సర్జన్ ముప్పై ఐదేళ్ళ అమ్మాయి. డైరీ చేతిలోకి తీసుకుని, కిందికి వేలు జరుపుతూ చదివి, "ఆంటీజీ, మీరు సగం డయాగ్నసిస్ రాసి తెచ్చారు" అంది హిందీలో. అంతలోనే పాప డైపర్‌లో ఎర్రని జిగురు కనిపించింది. అల్ట్రాసౌండ్ తెరమీద గుండ్రంలో గుండ్రం. "ఇంటుససెప్షన్" అని, తన తెల్లకోటు స్లీవును దానిలోకే దూర్చి చూపింది. "పేగు ఇలా పక్క పేగులోకి దూరిపోయింది. దారి మూసుకుపోయింది. లోపలి భాగానికి రక్తం అందకపోతే అది చచ్చిపోతుంది."

"పొట్ట కోస్తారా?" అని అడిగింది స్వాతి.

"పహలే పానీ సే ఖోలేంగే. ముందు నీళ్ళతో తెరుస్తాం. మూడు ప్రయత్నాలు. తెరుచుకోకపోతే ఆపరేషన్. థియేటర్ తయారుగా ఉంది."

డ్రిప్ పెట్టారు, ముక్కులోంచి గొట్టం వేశారు. వెనుక మార్గంలో ఒక ట్యూబ్ అమర్చి, గోరువెచ్చని సెలైన్ బాటిల్‌ను స్టాండ్‌కు ఎత్తుగా కట్టారు. పాప కాళ్ళు పట్టుకోవడానికి నన్ను లోపల ఉండమన్నారు. తెరమీద నల్లని నీరు పేగులో నడవడం చూశాను. అది ఆ ముద్దను వెనక్కి నెట్టుకుంటూ పోయి, కుడివైపు చివర ఆగింది. మూడు నిమిషాలు. కదల్లేదు. రెండోసారి కూడా అక్కడే ఆగింది. థియేటర్ నర్సు తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

మూడోసారి డాక్టర్ మళ్ళీ నీరు వదిలింది. ముద్ద చిన్నదైంది, ఇంకా చిన్నదైంది. ఉన్నట్టుండి మాయమై, నీరు అవతలి సన్నపేగులోకి దూసుకుపోయింది. మడతలన్నీ ఒకటొకటిగా విచ్చుకున్నాయి. "ఖుల్ గయా, తెరుచుకుంది" అంది డాక్టర్, చాలా నెమ్మదిగా. అప్పుడు సమయం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. కత్తి లేదు, కుట్టు లేదు. ఉప్పు నీరు, ఎత్తు, ఓర్పు. యాభై ఏళ్ళలో నేను అంతటి అద్భుతాన్ని చూడలేదు. పాప చెమటతో తడిసి, అలసి నిద్రపోయింది. నేను ఆ కాళ్ళు వదలడం మరిచిపోయాను.

మరునాడు ఉదయం మళ్ళీ అదే ఏడుపు. పేగు తిరిగి దూరింది. "కొందరిలో ఇలా అవుతుంది, అందుకే ఇంటికి పంపలేదు" అన్నారు. ఈసారి ఒక్క ప్రయత్నంలోనే తెరుచుకుంది. ఆ తరువాత రెండు రోజులు ఏడవలేదు. ఆదివారం ఇంటికి వచ్చాం.

పైడమ్మ పిన్ని గుమ్మంలోనే ఎదురైంది. నేను తెరమీద చూసినదంతా చెప్పాను. తన బొటనవేలు చూసుకుని, "నా ఏలు అంత లోతుకి ఎల్లదమ్మా" అంది. "నానే అడ్డుపడ్డానేటి?"

"పిలిచింది నేను కదా, పిన్నీ" అన్నాను. ఇప్పుడు ఎవరైనా బిడ్డను ఎత్తుకుని తన దగ్గరికి వస్తే, "ఎన్నోసారి ఏడుత్తంది? కక్కిందా?" అని ముందు అడుగుతుంది. అవునంటే ఆటో ఎక్కించి పంపుతుంది.

మా ఇందుకి ఇప్పుడు నాలుగేళ్ళు దాటాయి. పొట్ట మీద గీత కూడా లేదు. అప్పుడప్పుడు స్నానం చేయిస్తూ ఆ నునుపైన చర్మం కింద జరిగినది తలుచుకుంటే నా చేయి ఆగిపోతుంది. "అమ్మమ్మా, నీళ్ళు పొయ్యి, ఠండా అవుతున్నా, చలి" అని విసుక్కుంటుంది.

పసిబిడ్డల తల్లులకు, అమ్మమ్మలకు ఒక్క మాట. బిడ్డ కాళ్ళు ముడుచుకుని ఏడ్చి, ఊరుకుని, కొద్ది నిమిషాలకు మళ్ళీ అలాగే ఏడిస్తే, మధ్యలో నవ్వినా నమ్మకండి. పొట్ట నొక్కకండి, నూనె రాయకండి. రక్తం కనిపించేదాకా ఆగకండి. అల్ట్రాసౌండ్ ఉన్న ఆసుపత్రికి వెంటనే బయలుదేరండి.