మర్యాద ముదిరిన కబడ్డీ వ్యాఖ్యానం

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి పుణ్యాన ఉయ్యూరు నాకు రెండుసార్లు చెడ్డదైంది. మొదటిది తప్పు, రెండోది ఆ తప్పు దిద్దుకోబోయి చేసిన ఘోరం. చెప్పే ఓపిక లేదు గానీ, నేను చెప్పకపోతే మా ఆవిడ ఇంకా బాగా చెబుతుంది.

ఊళ్లో కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజులు. కబడ్డీ పోటీలకు లైవ్ వ్యాఖ్యాతను నేనే. మగవాళ్ల ఆటకు గొంతు చించుకునేవాణ్ణి. ఆడపిల్లల ఆట వచ్చేసరికి ఎక్కడలేని హాస్యం పుట్టుకొచ్చేది. నాగమణి అనే అమ్మాయి తనకు రెండింతలున్న ప్రత్యర్థిని నడుం పట్టి ఆపితే, "ఆ పట్టు రోకలి మీద చూపిస్తే అత్తగారు సంతోషిస్తుందమ్మా!" అన్నాను. జట్టంతా గీత మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "ఆయన దిగితేనే ఆడతాం!"

దిగాను. నాలుగేళ్లు ఆటోనగర్‌లో మా బావమరిది కొట్లో బేరింగులు అమ్మాను. బేరింగులకు వ్యాఖ్యానం అక్కర్లేదండీ, అదే నా బాధ.

చివరికి కేబుల్ నడిపే మస్తాన్ భాయ్ కమిటీవాళ్లను బతిమాలి ఒక్క మ్యాచ్ ఇప్పించాడు. అదీ ఆడవాళ్ల ఫైనల్.

"ఒక్క ఫిర్యాదు వచ్చిందా, ఇక జన్మలో నీకు మైకు దొరకదు," అన్నాడు.

"బెంగపడమాకు భాయ్. మర్యాదలో ముంచెత్తుతా."

"ముంచమాకయ్యా బాబూ! ఆట చెప్పు చాలు."

విన్నానా? లోకమంతా చేతులు కాలాక ఆకులు పట్టుకుంటుంది. నేను నోరు కాలాక అరటితోటే నరుక్కొచ్చాను.

"గౌరవనీయులైన కెప్టెన్ నాగమణి గారు కూతకు బయలుదేరుతున్నారండీ. అవతలి సోదరీమణులు వారిని ఎంతో ఆదరంగా..." అనేలోపు ఆవిడ ఇద్దర్ని ముట్టుకుని తిరిగొచ్చేసింది.

"ఎవరు అవుటయ్యారో చెప్పవయ్యా!" మస్తాన్ భాయ్ నా చెవి కొరికాడు.

అవుట్ అంటే నొచ్చుకుంటారేమోనని భయం. "ఆ ఇద్దరు సోదరీమణులూ కాసేపు విశ్రాంతి తీసుకుంటున్నారండీ," అన్నాను.

జనం నవ్వారు. మెచ్చుకోలనుకున్నాను. ఆఖరి కూతకు స్కోరు సమానం. నాగమణి గారు వెళ్లారు. నేను కళ్లు మూసుకుని ఆవిడ తల్లిదండ్రుల పెంపకాన్ని పొగుడుతున్నాను. ఈల పడింది.

చెమటలు కక్కుతూ ఆవిడ మైకు దగ్గరికొచ్చింది. కెమెరా నడుస్తోంది.

"ఏమండీ, అప్పుడు రోకలి చేతికిచ్చారు. ఇప్పుడు పీటేసి కూర్చోబెట్టారు. ఇంతకీ నా ఆఖరి కూతలో ఎంతమందిని ముట్టుకున్నానో చెప్పండి."

నేను మైకు సర్దుకున్నాను. "చాలా... మర్యాదగా ముట్టుకున్నారండీ. విజేతకు అభినందనలు!"

"ముట్టుకోలేదు. పట్టుబడ్డాను. ఓడిపోయాం." ఆవిడ కళ్లు తుడుచుకుంది. "ఈ ఒక్క ఫైనల్ కోసం నాలుగేళ్లు ఆడానండీ."

మొదటిసారి మైకు పోయినప్పుడు నాకు కోపమే వచ్చింది. ఆ రోజు మాత్రం నిజంగా సిగ్గేసింది.

మర్నాడు మస్తాన్ భాయ్ ఫిర్యాదు కాగితం తెచ్చిచ్చాడు. నాగమణి గారి చేతిరాత, ఒక్కటే వాక్యం: "ఈయన మంచివారే, ఈసారి ఆట చూసేవాళ్లను పంపించండి."

అందుచేత మా కొట్లోని సమస్త బేరింగుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఆడవాళ్లను వెక్కిరించను, పూజించను. నోరు తెరిచే ముందు కళ్లు తెరుస్తాను.