గురువుగారి కోసం గుండు

రేణిగుంట ఫ్యాక్టరీలో పనిచేసే మా రూమ్మేట్ జపాన్ యానిమే కార్టూన్ సీరియళ్లలోని మనుషుల గురించి సొంత చుట్టాల గురించి చెప్పినట్టే చెప్పేవాడు. "కొట్లాటలు ఎవురైనా గీస్తారప్పా. కొట్లాడినాక కూర్చోని అన్నం తినేది గీయాల, అదీ పనితనం" అనేవాడు. అందుకే ఒక సిరీస్‌లో పోరు ముగిశాక శిష్యులకు అన్నం వడ్డించే ముసలి కత్తిసాము గురువంటే వాడికి ప్రాణం.

ఆ గురువుకు కత్తిపోటు తగలడంతో ఒక ఎపిసోడ్ ముగిసింది. ఆయన బతికితే తిరుమలలో గుండు కొట్టించుకుంటానని వీడు మొక్కుకున్నాడు.

"స్వామికి జపాన్ కేసులు గూడా అంటగట్టినావా?" అన్నాను. వాడు నవ్వలేదు.

తర్వాతి వారం గురువు చనిపోయాడు. మర్నాడు సాయంత్రం మా రూమ్మేట్ నున్నటి గుండుతో గదిలోకి వచ్చాడు.

"బతికితే గదరా మొక్కు? పోయినాక స్వామికి జుట్టెందుకిచ్చినావు?"

"మొక్కు గాదప్పా. ఈడ సందులోనే గీయించుకున్నా. ఆయనకు కొడుకుల్లేరు గదా, ఎవురో ఒకరు చేయాల."

నోటిదాకా వచ్చిన జోకును మింగేశాను. మాట మారుద్దామని, ఆదివారం అలిపిరి నుంచి నడిచి కొండకు పోదామా అన్నాను.

వాడు నన్ను వింతగా చూశాడు.

"పెద్దాయన పోయినాడు గదప్పా. మైల తీరేదాకా కొండెక్కకూడదు."