హమాజాస్ప్ బాబాయ్ మెమరీ పొదుపు

హమాజాస్ప్‌కి లోకంలో ఒకే ఒక్క దిగులు: తను చూసుకునే చదరంగం క్లబ్బు కంప్యూటర్‌కి మెమరీ చాలదని. గ్యూమ్రీ ఊళ్ళో మిగతావాళ్ళకి పెళ్ళాం బిడ్డల గురించి దిగులుంటుంది. ఈయనకి ఆ డబ్బా గురించి.

మొదట తెరమీది అరారత్ కొండ బొమ్మ పీకేశాడు.

"బొమ్మే కదా బాబాయ్, దానికేం బరువు?" అంది న్వార్ద్. ఆవిడ బళ్ళో పిల్లలకి చదరంగం పాఠం చెబుతుంది, సాయంత్రాలు క్లబ్బు తరఫున ఆడుతుంది.

"కొండమ్మా అది! కొండ!" అన్నాడాయన, తానే మోసి దించినట్టు నడుం పట్టుకుని.

తర్వాత తెర మూలనున్న గడియారం పోయింది. ఆపైన మిషను ఎత్తు వెతుకుతున్నంతసేపూ గదిలో ఎవరూ మాట్లాడకూడదన్నాడు. దర్జీ మార్తిరోస్ నోరు జారి తను తిన్న పెళ్ళి విందు గురించి మొదలెట్టాడు. "నీ విందంతా దాని బుర్రలోకి ఎక్కించకు, ఆటలో రెండు ఏనుగుల చోటు తినేస్తుంది!" అని హమాజాస్ప్ అతన్ని బయటికి తోసేశాడు. పాపం, మార్తిరోస్ మెట్లమీద కూర్చుని మిగతా విందు గోడకి చెప్పుకున్నాడు.

ఇంత తపస్సు చేయించినా మిషను ఒక్కో ఎత్తుకి అరగంట తీసుకునేది. మహానుభావుడి పొదుపు అంత గొప్పది మరి.

ఆదివారం వనాజోర్ జట్టుతో ఆఖరి పోటీ. ఓడితే క్లబ్బు కింది తరగతికి దిగిపోతుంది. న్వార్ద్‌కి ఎదురు కూర్చునేది, కిందటి నెల ఆమెని పదిహేడు ఎత్తుల్లో మట్టి కరిపించిన గోహరిక్. మళ్ళీ అవే ఎత్తులు వేస్తుంది, అనుమానం లేదు. వాటికి జవాబు కావాలి.

శనివారం పొద్దున న్వార్ద్ ఆ ఆట ఎక్కించి మిషను ముందు కూర్చుంది. అది ఆలోచిస్తూనే ఉంది. హమాజాస్ప్ కాఫీ కాయడానికి వెళ్ళగానే, ఏది ఎంత మెమరీ తింటోందో చూపించే పట్టిక తెరిచింది. ఇంకేముంది! అదే చదరంగం ప్రోగ్రాము, ఎవరికీ కనబడకుండా దాచిపెట్టి, పదకొండుసార్లు తెరిచి ఉంది.

"ఓరి నీ పొదుపు తగలెయ్య!" అంటూ అన్నీ మూసెయ్యబోయి, మొదటిది పైకి లాగింది. అందులో మార్తిరోస్ ఓడిన ఆట. పైన "ఏనుగుల్ని నిద్రపుచ్చుతాడు" అని రాసుంది. రెండోది క్లబ్బులోనే ఆడే లూసిక్‌ది: "గెలిచే ఆటలో కంగారు." ఏ ఎత్తు వేసుంటే ఓడకుండా నిలబడేవాళ్ళో మిషను ఒక్కొక్కరికీ వెతుకుతోంది.

ఓడిన ప్రతివాళ్ళ కోటు జేబులోనూ కొన్నాళ్ళకి ఓ చీటీ దొరికేది: "పద్నాలుగో ఎత్తులో గుర్రం వెనక్కి లాగు, గాడిదా!" అవి పెద్ద పెద్ద ఆటగాళ్ళు తనని మెచ్చి పంపుతున్నారని మార్తిరోస్ ఊరంతా గొప్పలు పోయేవాడు. రాసేదెవరో న్వార్ద్‌కి ఇప్పుడు తెలిసింది.

పదకొండోది ఆమెదే. ఓడిన రోజునుంచీ నడుస్తోంది. దొరికిన ఎత్తు కింద మెరుస్తోంది: అంచు బంటుని రెండు గళ్ళు తోయాలి, అంతే. న్వార్ద్‌కి సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. ఒక్కటీ మూయకుండా లేచింది.

ఆదివారం ఆ బంటే తోసింది. గోహరిక్ నలభై నిమిషాలు తల పట్టుకుని, చివరికి తప్పు ఎత్తు వేసింది. క్లబ్బు నిలబడింది.

సోమవారం న్వార్ద్ నిలదీసింది. "మమ్మల్నేమో గట్టిగా ఊపిరి కూడా తీసుకోనివ్వవు. నువ్వేమో చాటుగా పదకొండు ఆటలు నడుపుతావా? మిషను నెమ్మదించదూ?"

హమాజాస్ప్ చెవులు ఎర్రబడ్డాయి.

"నెమ్మదించనీవే!" అని కసిరాడు. "మీరందరూ అంత వేగంగా ఓడిపోతుంటే, ఎవరో ఒకళ్ళు నిదానంగా ఆలోచించొద్దూ?"