ఎడమ రెక్క లేవని పిన్‌బాల్ మిషను

పెళ్ళయి తెనాలి వచ్చిన కొత్తలో మా ఆయనకీ నాకూ మాటలు తక్కువ. ఆయనకు స్టేషను రోడ్డులో కూల్‌డ్రింకుల షాపు. అందులో ఒక మూల, మద్రాసులో ఎవరో క్లబ్బు మూసేస్తుంటే కొనుక్కొచ్చిన పాత పిన్‌బాల్ మిషను ఉండేది. పైన అద్దం, లోపల రంగుదీపాలు, గంటలు. పక్కనున్న బొత్తాలు నొక్కితే లోపల రెండు రెక్కలు లేచి, కిందికి జారే ఇనపగోళీని పైకి తన్నాలి. ఎడమ రెక్క లేచేది కాదు. అయినా ఆయన దాన్ని పసిపిల్లకు మొహం తుడిచినంత నెమ్మదిగా రోజూ తుడిచేవారు.

"ఇల్లు చూసుకోరా అంటే ఆ డబ్బాని చూసుకుంటాడమ్మా," అనేవారు మా అత్తగారు.

ఒకరోజు మా ఆయన మిషను పైభాగం ఎత్తి, రెక్కను లాగే తీగచుట్ట మాడిపోయిందని నాకు చూపించారు. రేపల్లెలో మోటార్లు చుట్టే స్నేహితుడి దగ్గరికి వెళ్ళాలన్నారు. మిషను మూస్తూ, "నువ్వూ వస్తావా?" అన్నారు. మేమిద్దరం కలిసి రైలెక్కడం అదే మొదలు.

ఆ స్నేహితుడి షాపులో చెరుకుపల్లి రైతుల పంపు మోటార్లు గుమ్మం దాకా పేర్చి ఉన్నాయి.

"నాట్ల టైము గదయ్యా. ఇప్పుడు నీ ఆటబొమ్మ ముట్టుకుంటే రైతులు ఊరుకుంటారా?" అన్నాడతను నవ్వుతూ. మా ఆయన మొహం చిన్నబోయింది.

"తీగ ఇవ్వండన్నయ్యా, నేను చుడతాను," అన్నాను. అనేశాక సిగ్గేసింది. ఇద్దరూ నా వంక చూశారు.

"మాది పేరాలండి. మగ్గానికి నూలు కండెలు చుడుతూ పెరిగాను."

"అయితే ఇంకేం చెల్లెమ్మా!" అని అతను కొత్త రాగితీగ ఇచ్చి, ఎన్ని చుట్లు చుట్టాలో, వరసల మధ్య కాయితం ఎలా వెయ్యాలో చెప్పి పంపాడు.

ఇంట్లో నేను పుట్టింటి నుంచి తెప్పించుకున్న రాట్నం మీద చుడుతుంటే ఆయన లెక్కపెట్టారు. మధ్యలో నేనేదో అని నవ్వించాను. లెక్క తప్పింది. మళ్ళీ మొదటికొచ్చాం.

షాపుకెళ్ళి చుట్ట బిగించి బొత్తం నొక్కగానే రెక్క లేచింది. కాసేపటికే కమురు వాసన, పొగ. ఆయన సోడాల పెట్టె మీద కూలబడ్డారు.

"నేనే సరిగా చుట్టలేదేమోనండి."

"నీ చుట్టుడు బాగానే ఉంది. ఇంకేదో ఉంది."

కరెంటు తీసేసి రెక్కల్ని చేత్తో లేపి చూశాం. కుడి రెక్క లేవగానే దాని కింద రెండు సన్నటి రేకులు విడిపోతున్నాయి. ఎడమవైపు రేకులు అతుక్కునే ఉన్నాయి.

"ఏమండీ, ఇవి విడిపోకపోతే చుట్టలోకి కరెంటు ఆగేదెలా? మాడిపోదూ?"

ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు, షాపులో మనుషులున్నారని కూడా చూడకుండా. రేకు వంచి, గరుకు కాయితంతో రుద్ది, ఇంకో చుట్ట చుట్టాం. ఈసారి పొగ రాలేదు. ఎడమ రెక్క తన్నిన గోళీ పైకెళ్ళి గంటలన్నీ మోగించింది.

క్యారేజీ తెచ్చిన అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయారు. "ఏంటా మోత? ఏదీ, నన్నోసారి నొక్కనియ్యండి," అన్నారు. అన్నం చల్లారిపోయినా బొత్తాలు వదల్లేదు.

తొంభైల్లో వీడియో గేములొచ్చాక ఆ మిషను అడిగేవాళ్ళు లేకపోయారు. బాపట్లలో సూర్యలంక దారిలో హోటలు పెట్టినాయన ముచ్చటపడితే ఇచ్చేశాం. మా ఆయన దాన్ని పట్టుకుని లారీ తొట్టిలోనే కూర్చుని వెళ్ళారు. అత్తగారు మాత్రం రెండు పూటలు మాతో మాట్లాడలేదు.