విరిగిన వంతెనకు మౌనం

సంతాపం మాస్టారికి ఒకటే పిచ్చి. ఏది విరిగినా మౌనం పాటించాల్సిందే. ఇంజనీరింగ్ కాలేజీలో వంతెనల పాఠం ఆయనది. చేతిలో చాక్‌పీసు విరిగితే చాలు, పాఠం ఆపి తల దించుతారు. ఒకసారి స్టాఫ్ రూములో కుర్చీ కాలు విరిగి లెక్కల మాస్టారు దబ్బున పడితే, ఈయన చెయ్యందించడం మాని, గదిలో అందరి చేతా కుర్చీకి మౌనం పాటింపజేశారట. పడ్డాయన తనంతట తనే లేచి బట్టలు దులుపుకున్నాడు. పిల్లలు ఊరికే పేరు పెడతారా మరి?

ఇక నమూనా వంతెనల పరీక్ష రోజు చూడాలి ఆయన్ని. ఐస్‌క్రీం పుల్లలతో కట్టిన వంతెనను రెండు బల్లల మధ్య నిలిపి, నడుముకు బకెట్టు తగిలించి, విరిగేదాకా అందులో ఇసుక పోస్తారు. టప్పుమనగానే మాస్టారు కళ్లజోడు తీసేసి, "లేవండి, తలలు దించండి" అంటారు.

ఆ రోజు ఆఖరి వంతెన చివరి బెంచీ అమ్మాయిది. కిందటేడు ఇదే పరీక్ష తప్పింది. ఈసారీ తప్పితే చదువు మానేస్తానని పొద్దున్నే అన్నయ్యతో తేల్చి చెప్పి వచ్చింది.

"బకెట్టు తగిలించమంటారా?" ల్యాబ్ అటెండరు అడిగాడు.

"నెమ్మదిగా నాయనా. పసిప్రాణం."

ఇసుక దాకా రానేలేదు. ఖాళీ బకెట్టుకే వంతెన కుప్పకూలింది. ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మాయికి తల కొట్టేసినట్టయింది.

"లేవండి, తలలు దించండి."

నవ్వు ఆగిపోయింది. అమ్మాయి కళ్ల నీళ్లు జలజలా రాలాయి. చేతిరుమాలుతో తుడుచుకున్నకొద్దీ వస్తూనే ఉన్నాయి. ఎప్పుడూ చిటికెలో అయిపోయే మౌనం ఈసారి ఎంతకీ తెమల్లేదు.

"ఇంకా ఎంతసేపండీ?" ముందు బెంచీ గొణిగింది.

"ఉండవయ్యా. పెద్ద వంతెన పోయింది."

అన్నిట్లోకీ అదే చిన్నది. అమ్మాయి ఆశ్చర్యపోయి తలెత్తింది. మాస్టారొక్కరే తల దించలేదు. ఓరకంట ఆమె చేతిరుమాలునే చూస్తున్నారు. అది సంచిలోకి వెళ్లాక గాని ఆయన కళ్లజోడు పెట్టుకోలేదు. ఈ మౌనాలు పుల్లల కోసం కావని ఆమెకు అప్పుడు తెలిసింది.

"కూర్చోండి. ఏమ్మా, ఎలా పోయింది?"

ఆమె వంగి ముక్కలు తిరగేసి చూసింది. "కింది వరసలో పుల్లల్ని కొసకి కొస అతికించానండి. ఒకదాని మీదకి ఒకటి కాస్త ఎక్కించాల్సింది. బరువు పడితే లాగేది కింది వరసనే కదండీ."

"విరగడం వంతెన పని. ఎందుకు విరిగిందో చెప్పడం నీ పని. చెప్పావు. పాసయ్యావు, ఫో."

సాయంత్రం అన్నయ్య గుమ్మంలోనే ఆపాడు. "నిలబడిందా?"

"కూలింది."

"అయ్యో. మరి చదువు?"

ఆమె అప్పటికే బల్ల మీద కొత్త పుల్లలు పరుస్తోంది.

"కాస్త జరుగన్నయ్యా, వెలుతురు పడట్లేదు."