రెండు బంపర్ల పంచాయితీ

వెంకమ్మ అంటే నాకు పడదు. ఆ ముక్క ముందే చెప్పేస్తే పీడా పోతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ లెక్కన ఆమె వల్ల మా ఊరు ఎప్పుడో తగలబడి ఉండాలి. తెలంగాణ సరిహద్దుకు ఇవతల, తర్లగూడ దాటాక రోడ్డు పక్కన పంచర్లు వేసి, బండ్ల సొట్టలు తీసి బతికేవాణ్ణి నేను. పొద్దున్నే నా దుకాణం ముందు నుంచి పోతూ "ఏంది భూషణం, ఇంక సావలేదా" అని పలకరించే మనిషి ఆమె.

మొగుడు పాము కరిచి పోయాక కూలి చేసుకుని ఒంటరిగా బతికింది. ఏటా సరిహద్దు దాటి తెలంగాణలో మిరపకాయలు ఏరడానికి పోయేది. అక్కడ మేస్త్రీతో తగాదా, ఆసామితో తగాదా, తిరిగొచ్చేటప్పుడు ఆటోవాడితో తగాదా. ఆమెతో జోడీగా కూలికి పోయేది ఊళ్ళో రేణుక ఒక్కతే. మిగతా ఆడవాళ్ళు ఆమె పక్క సాలులోకి కూడా రారు. రేణుక చంటిపిల్ల అమ్ము గట్టు మీద ఏడిస్తే వెంకమ్మే పోయి ఎత్తుకునేది. పిల్లను ఊపుతూ పాడేవి కూడా తిట్లే. ఆ పిల్ల వాటికే నిద్రపోయేది.

ఈసారి పని అయిపోయాక, చేలో మిగిలిన కాయలు ఏరుకుని తెచ్చుకుంది వెంకమ్మ. పాత పచ్చరంగు చీర తారురోడ్డు మీద పరిచి వాటిని ఎండబోసింది. మా దగ్గర అందరూ చేసేదే. వచ్చిన బండి పక్కకు జరిగి పోతుంది. రాంప్రసాద్ బండి జరగలేదు. తునికాకు గుత్తకు పట్టే ఠేకాలో నాలుగు రాళ్ళు వెనకేసుకుని కొత్తగా కొన్న తెల్ల ఎస్‌యూవీ అది. చిన్నదే అయినా వాడి పొగరుకు రోడ్డు చాలదు. కాయల మీద నుంచి తోలుకుంటూ పోయాడు. అడిగితే "మేం ఆ దిక్కే రాలే" అన్నాడు. వెంకమ్మ తప్ప చూసినవాళ్ళు ఎవరూ లేరు.

వెంకమ్మ ఊరుకుంటుందా? వాడి వాకిట్లో నిలబడి దుమ్మెత్తి పోసింది. "నా కాయలు తొక్కిన బండిలోనే దగ్గి దగ్గి సావురా" అని శాపం పెట్టి వచ్చింది.

ఇక చూడండి నా సామిరంగా. మర్నాటి నుంచి బండిలో ఎవరు కూర్చున్నా దగ్గే, కళ్ళ మంటే. దగ్గుతూ తోలి రాంప్రసాద్ ఒకరి గేదెను గుద్దాడు. కళ్ళు నలుపుకుంటూ వెనక్కి తీసి చింతచెట్టుకు కొట్టాడు. వాడి పెళ్ళాం శిరీష బండి ఎక్కనని మొండికేసింది. దాంతో వాడు ఊరిపెద్ద ఆయతు పటేల్ దగ్గరికి పోయి, వెంకమ్మ మంత్రాలు చేసి తన బండిలో ఏదో కట్టిందని ఫిర్యాదు పెట్టాడు.

ఊరంతా కూడింది. బండి విప్పి చూడాలి, ఏమైనా దొరికితే వెంకమ్మ ఊరు వదిలి పోవాలి అని తేల్చారు. మంత్రాలదని వెళ్ళగొట్టిన మనిషికి పక్క ఊరు కూడా చోటివ్వదు. ఇల్లూ పొయ్యీ వదిలేసి ఎటు పోతుంది? విప్పే పని నా నెత్తిన పడింది. నాకు ఒళ్ళు మండింది కానీ, ఈ ఊళ్ళో బతకాల్సినవాణ్ణి, పానాలు తీసుకుని వెళ్ళాను.

వెంకమ్మ బండికి ఎదురుగా నిలబడి ఉంది. రేణుక అమ్మును చంకనేసుకుని, వెంకమ్మ చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడింది. మెచ్చుకోవాలి, అంతమందిలో ఆ ఒక్కతే నిలబడింది.

బానెట్ ఎత్తి పైన ఉన్న ప్లాస్టిక్ క్లిప్పులు పీకాను. చక్రాల పక్కన స్క్రూలు తీశాను. కింద పడుకుని బోల్టులు తీస్తుంటే మొహం మీద ఎర్ర దుమ్ము రాలి కళ్ళు భగ్గుమన్నాయి. అప్పుడే నాకు సంగతి అర్థమైంది. లైట్ల వైర్లు ఊడదీసి, రెండు పక్కలా పట్టి లాగితే బంపర్ ఊడి వచ్చింది. పటేల్ వరసపెట్టి తుమ్మాడు. రేడియేటర్ ముందు జాలీకి నలిగిన మిరపకాయలు అతుక్కుని మాడిపోయి ఉన్నాయి. వాటి కింద పచ్చరంగు చీరపేలిక ముడుచుకుని ఉంది.

"అగో, దానిదే చీర" అన్నాడు రాంప్రసాద్.

జనం ఒక్కడుగు వెనక్కి వేశారు.

"కట్టలేదు పటేలా, చుట్టుకుంది" అన్నాను. "ఎక్కడన్నా ముడి ఉందా చూడు. కాయల మీదికెంచి తోలితే లోపలికి గుంజుకున్నది. ఇంజను వేడికి మాడి ఆ ఘాటంత గాలితోని లోపలికొస్తున్నది. దగ్గు రాక ఏమొస్తది?"

"మేం ఆ దిక్కే రాలేదని చెప్పిన గద భాయ్" అని రాంప్రసాద్ గొంతు పెంచాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం.

"ఎనకది గూడ ఇప్పు" అంది వెంకమ్మ.

"అది అక్కర్లే" అన్నాడు వాడు.

"ఇప్పు భూషణం. మీదికెంచి పోయిన బండైతే ఎనక గూడ దొరుకుద్ది."

పటేల్ తల ఊపాడు. డిక్కీ తెరిచి వెనక లైట్లు తీసి, స్క్రూలు విప్పి ఆ బంపర్ కూడా లాగాను. దాని అడుగు అంచు దొప్పలా ఉంటుంది. అందులో గుప్పెడు మిరపగింజలు, అదే చీర రెండో ముక్క. దాని మీద టైరు అచ్చు నల్లగా పడి ఉంది. నేను దాన్ని టైరు పక్కన పెట్టి అందరికీ చూపించాను. గీతకు గీత సరిపోయింది. అప్పుడు నాకెంత సంతోషమైందో చెప్పలేను.

ఆ సంతోషం కాసేపే. గుంపులోంచి హడ్మా అనే ముసలాయన మెల్లగా అన్నాడు, "ముందట ఒకటి, ఎనక ఒకటి. బండిని రెండు దిక్కుల బంధనం చేసింది."

అంతే. ఆ మాట గుంపంతా పాకింది. నేను అరిచాను, టైరు అచ్చు చూడండ్రా, గుడ్డివాళ్ళా అని తిట్టాను. ఎవడూ వినలేదు. కళ్ళముందు ఉన్నదాన్ని ఇట్లా చూసే జనానికి ఏం చెప్పాలి? చివరికి పటేల్ నేల చూపులు చూస్తూ, "తెల్లారేసరికి పో వెంకమ్మా" అన్నాడు.

వెంకమ్మ నా వంక చూసింది. తర్వాత అందరి వంకా చూసింది. ఏడుస్తుందనుకున్నాను.

"అవును. నేనే కట్టిన" అంది.

వేలెత్తి గుంపు మొత్తాన్ని చూపించింది.

"ఈ బండికే కాదు. మీ ఇండ్లల్ల గూడ కట్టిన. ఎవరింట్ల ఏడ కట్టిన్నో నాకే తెలుసు. ఇప్పేది గూడ నేనే. నన్ను ఎల్లగొట్టి మీరెట్ల బతుకుతరో బతకండి. పటేలా, నీ ఇంటి సంగతి ముందు చెప్పాల్నా?"

పటేల్ మొహంలో నెత్తురు లేదు. "ఉండనీ, ఉండనీ. ఎవరూ దాని జోలికి పోవద్దు" అని లేచాడు. రాంప్రసాద్ బండి తాళాలు కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు. చూస్తుండగానే గుంపు ఖాళీ అయింది. అబద్ధం ఆడైతేనేం, ఇల్లు నిలబెట్టుకుంది. శెభాష్ అనుకున్నాను. నాకు పడని మనిషి, అయినా అనుకున్నాను.

వెంకమ్మ నవ్వుతూ పక్కకు తిరిగింది. "చూసినవానే రేణుకా, ఎట్ల ఉరికిన్రో. దా, పిల్లనియ్యి."

రేణుక ఎప్పుడు చెయ్యి వదిలిందో, నాలుగడుగుల అవతల ఉంది. అమ్ము తలను కొంగుతో పూర్తిగా కప్పేసింది.

"నీకు తెల్వదానె, ఉత్తగ అన్న."

"నీ కాళ్ళు మొక్కుత అత్తా" అంది రేణుక. "నా బిడ్డను మాత్రం ఏం చెయ్యకు."

వెంకమ్మ ఆమె వైపు ఒక్క అడుగు వేసింది. రేణుక పిల్లను గుండెకు అదుముకుని పరుగందుకుంది.